ఇంట్లోకి దొంగ వస్తే కర్ర ఎక్కడ ఆపాలి

మా చిన్న మావయ్య ఇల్లు గోదావరి గౌతమి పాయ ఒడ్డున ఒక లంక ఊళ్ళో ఉంది. పాత పెంకుటిల్లు, ముందు అరుగు, వెనక కొబ్బరి తోట. 2018లో శ్రావణ మాసం, రాత్రి రెండు గంటలవేళ వంటింటి పైన పెంకులు కదిలిన చప్పుడైంది. అత్తయ్య పిల్లి అనుకుంది. తర్వాత రెండు పెంకులు కింద పడి పగిలాయి, ఆ వెనకే ఒక మనిషి దూకాడు. వాడి చేతిలో ఇనప ఊచ ఉంది. మావయ్య మంచం పక్కనుండే పొన్నుకర్ర తీసుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఒక్కటి వేశాడు. దెబ్బ ముంజేతి మీద పడింది. ఊచ జారిపోయింది. వాడు వెనక తలుపు గెడ లాక్కుని దొడ్లోకి పరుగెత్తాడు.

అక్కడితో ఆగి ఉంటే మావయ్య మీద ఏ కేసూ నిలిచేది కాదు. కానీ దొడ్లో ఆ వారం దింపు తీసిన కాయలు రాశి పోసి ఉన్నాయి. చీకట్లో వాడు ఆ రాశి తట్టుకుని బోర్లా పడ్డాడు. వెనకే వెళ్ళిన మావయ్య మోకాలి కింద రెండు దెబ్బలు వేశాడు. కాలి ఎముక విరిగింది.

నేను అమలాపురంలో వకీలుగా ప్రాక్టీసు చేస్తున్నాను. తెల్లారకుండానే అత్తయ్య ఫోను. "అమ్మాయ్, దొంగ దొరికాడే, మావయ్య కాలు విరగ్గొట్టాడు" అంది. గొంతులో భయం కన్నా గర్వమే ఎక్కువుంది. మధ్యాహ్నానికి ఆ గర్వం పోయింది. దొంగ మీద ఒక కేసు, మావయ్య మీద ఇంకో కేసు కట్టారు. వాడిది రాత్రిపూట ఇల్లు పగలగొట్టి దూరిన నేరం. మావయ్యది తీవ్ర గాయం చేసిన నేరం. "నా ఇంట్లో దొంగ పడితే నా మీద కేసేంటమ్మా?" అని ఆయన నన్ను అడిగిన మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మూడేళ్ళు వాయిదాలకు తిరిగాడు. చివరికి ఆ కుర్రాడు ఒప్పుకుంటే, కోర్టు అనుమతితో లోక్ అదాలత్‌లో రాజీ అయింది. ఆసుపత్రి ఖర్చు మావయ్యే ఇచ్చాడు.

మొదటి దెబ్బకు చట్టం అడ్డు చెప్పలేదు. తర్వాతి రెండిటికి చెప్పింది. మధ్యలో గడిచింది అర నిమిషం కూడా ఉండదు. ఆ అర నిమిషంలో ఏం మారిందో అర్థమైతే, ఇంట్లో ఆడవాళ్ళకీ పెద్దవాళ్ళకీ మగపిల్లలకీ ఒక్కసారి చెప్పి ఉంచితే, మీకు ఆ మూడేళ్ళు రాకుండా ఉంటాయి. అందుకే ఇది రాస్తున్నాను.

చట్టం ఏమంటోంది

2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. అందులో 34 నుంచి 44 దాకా ఉన్న సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. పాత ఐపీసీలో ఇవే 96 నుంచి 106 దాకా ఉండేవి. నెంబర్లు మారాయి గానీ విషయం దాదాపు అదే. అంతకు ముందు జరిగిన గొడవలకు ఇప్పటికీ పాత నెంబర్లే వర్తిస్తాయి. మావయ్య కేసు కాగితాల మీద ఉన్నవన్నీ ఐపీసీ సెక్షన్లే.

34వ సెక్షన్ ఒకే మాట చెబుతుంది: ఆత్మరక్షణ హక్కుతో చేసింది నేరం కాదు. 35 ప్రకారం ఆ హక్కు మీ ఒంటికి మాత్రమే కాదు, పక్కింటావిడ ఒంటికి ఆపద వచ్చినా మీకు ఉంటుంది. ఆస్తి విషయంలో దొంగతనం, దోపిడీ, నష్టం కలిగించడం, అక్రమంగా చొరబడడం అనే నాలుగింటి మీదా ఉంటుంది. ఆ ఆస్తి మీదైనా, ఇంకొకరిదైనా.

మీ మీదకు వచ్చినవాడు తాగి ఉన్నా, మతి స్థిమితం లేనివాడైనా మీ హక్కు తగ్గదు. 36వ సెక్షన్ చెప్పేది అదే. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళలో చాలామంది "తాగిన మత్తులో కొట్టాడు కదండీ, తిరిగి తోస్తే తప్పు నాదే అవుతుందేమో" అంటారు. కాదమ్మా. తాగినవాడు గొంతు పట్టుకుంటే, ఆ చెయ్యి విడిపించుకోడానికి ఎంత అవసరమో అంతా చెయ్యొచ్చు. వాడు మొగుడైనా, మరిదైనా, కొడుకైనా సరే. బంధుత్వం చూసి హక్కు ఇవ్వాలని ఈ సెక్షన్లలో ఎక్కడా లేదు.

హద్దులు ఉన్నది 37లో. పోలీసుల్ని పిలిచే వ్యవధి ఉన్నప్పుడు ఈ హక్కు లేదు. రక్షణకు ఎంత అవసరమో అంతకు మించి హాని చెయ్యకూడదు. నేను కోర్టులో చూసిన ఆత్మరక్షణ కేసుల్లో వాదనంతా ఈ రెండు మాటల చుట్టూనే తిరిగింది.

ఇంకో సంగతి. మనం పారిపోవాలని చట్టం అడగదు. దర్శన్ సింగ్ కేసులో 2010లో సుప్రీంకోర్టు ఈ సూత్రాలన్నీ ఒకచోట పెట్టింది. దెబ్బ పడేదాకా ఆగనక్కర్లేదు, పడుతుందని సహేతుకమైన భయం ఉంటే చాలు. ప్రాణం మీదకు వచ్చినప్పుడు మనిషి కొట్టిన దెబ్బను తర్వాత తీరిగ్గా కూచుని బంగారం తూచినట్టు తూచకూడదని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. దేవ్ నారాయణ్ కేసు ఒకటుంది, భూమి తగాదా. ఎదుటివాళ్ళు లాఠీలతో వచ్చారు, ఇతను బల్లెం వాడాడు. లాఠీకి బల్లెం ఎక్కువ కదా అని హైకోర్టు అంది. తలకు తగిలితే లాఠీ దెబ్బయినా చంపుతుంది అని చెప్పి సుప్రీంకోర్టు అతన్ని వదిలేసింది. కాబట్టి దొంగ చేతిలో ఊచ ఉండి మీ చేతిలో కత్తిపీట ఉంటే, అదొక్కటే మీ తప్పు కాదు. ఆ క్షణంలో ఆపద ఉందా లేదా అన్నదే లెక్క.

ప్రాణం తీసేదాకా ఎప్పుడు

వాట్సాప్‌లో తిరిగే మాట ఒకటుంది. "ఇంట్లోకి వచ్చినవాణ్ణి చంపినా కేసుండదు" అని. దయచేసి నమ్మకండి. చనిపోతే కేసు తప్పకుండా కడతారు. మీది ఆత్మరక్షణ అని దర్యాప్తులోనో విచారణలోనో తేలాలి.

శరీర రక్షణకు చావు దాకా వెళ్ళగల సందర్భాలు 38వ సెక్షన్‌లో ఏడు ఉన్నాయి: చంపుతాడన్న భయం, తీవ్ర గాయం చేస్తాడన్న భయం, మానభంగం చెయ్యబోవడం, అసహజ లైంగిక దాడి, ఎత్తుకుపోవడం, పోలీసుల సాయం అందకుండా నిర్బంధించడం, యాసిడ్ పొయ్యబోవడం. వీటిల్లో ఏ ఒక్కటీ లేకపోతే, 39 ప్రకారం చావు తప్ప మిగతా హాని మాత్రమే, అదీ అవసరమైనంతే.

ఆస్తి విషయంలో చావు దాకా వెళ్ళగల సందర్భాలు 41లో ఉన్నాయి. దోపిడీ ఒకటి. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఇల్లు పగలగొట్టి దూరడం రెండోది. పెంకులు తీసి దిగినా, గోడ ఎక్కి కిటికీలోంచి వచ్చినా, తాళం విరగ్గొట్టినా అది పగలగొట్టి దూరడమే. మనుషులుండే ఇంటికో, సరుకు దాచుకునే పాకకో నిప్పు పెట్టడం మూడోది. దొంగతనమో చొరబాటో చేస్తున్న తీరు చూస్తే, మనం ఊరుకుంటే ప్రాణం పోతుందనో తీవ్ర గాయం అవుతుందనో సహేతుకంగా అనిపించడం నాలుగోది.

మావయ్య ఇంట్లో జరిగింది ఆ రెండోదే. అలాగని రాత్రి దూరినవాణ్ణి చంపడానికి లైసెన్సు దొరికిందనుకోకూడదు. 37లోని హద్దులు 41కీ వర్తిస్తాయని అదే సెక్షన్‌లో రాసి ఉంది. దూరిన పిల్లాడు పదిహేనేళ్ళవాడు, ఒట్టి చేతులతో మూల నక్కి వణుకుతుంటే కత్తి వెయ్యడం అవసరం ఎలా అవుతుంది? తలుపు వేసి గొళ్ళెం పెట్టి పోలీసుల అత్యవసర నెంబరు 112కి ఫోన్ చేస్తే సరిపోతుంది.

పగటిపూట కాయల దొంగతనం ఈ నాలుగింటిలో ఎక్కడా పడదు. చెట్టెక్కి పది కాయలు కోసుకున్నవాణ్ణి దింపొచ్చు, కాయలు లాక్కోవచ్చు, పెనుగులాడితే పట్టుకుని ఆపొచ్చు. తల పగలగొట్టకూడదు. రొయ్యల చెరువు మీద రాత్రి వల వేసినవాడి సంగతీ అంతే. చెరువు ఇల్లు కాదు కాబట్టి, రాత్రిపూట ఇల్లు దూరిన మాట అక్కడ చెల్లదు. కాపలా మనిషి మీదకు వాళ్ళు కత్తితో వస్తే అది వేరు, అప్పుడు కాపాడుకునేది ప్రాణాన్ని.

హక్కు ఎప్పుడు మొదలవుతుంది, ఎప్పుడు పోతుంది

మా మావయ్య కేసంతా దీని మీదే. ఒంటికి సంబంధించినంతవరకు, ఆపద తప్పదన్న సహేతుకమైన భయం పుట్టగానే హక్కు పుడుతుంది. ఆ భయం ఉన్నంతసేపూ ఉంటుంది, పోగానే పోతుంది. ఇది 40వ సెక్షన్. ఆస్తికి 43. ఇల్లు పగలగొట్టి దూరినప్పుడు, దూరినవాడు ఇంట్లో ఉన్నంతసేపే హక్కు. దొంగతనమైతే, దొంగ సొమ్ముతో తప్పించుకుపోయేదాకా, లేదా సొమ్ము తిరిగి దొరికేదాకా, లేదా పోలీసుల సాయం అందేదాకా.

వంటింట్లో ఊచ చేత్తో నిలబడ్డప్పుడు ఆపద ఉంది, మావయ్యకు హక్కు ఉంది. ఊచ పడిపోయింది, వాడు గడప దాటాడు, చేతిలో ఏమీ లేదు. అప్పటికి ఇల్లు దూరడం అయిపోయింది, దొంగతనం జరగలేదు, ప్రాణానికి భయం లేదు. రాశి మీద బోర్లా పడినవాడి మీద వేసిన దెబ్బకు ఏ సెక్షనూ ఆసరా ఇవ్వలేదు. అదే వాడు అత్తయ్య మెడలో గొలుసు తెంపుకుని పరుగెత్తి ఉంటే, వెంటపడి పట్టుకుని గొలుసు తీసుకునేదాకా హక్కు సాగేది. తీసుకోడానికి ఎంత బలం కావాలో అంతే. గొలుసు చేతికొచ్చాక మళ్ళీ దెబ్బ వేస్తే అది కోపం కింద లెక్క.

పంజాబ్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళిన జై దేవ్ కేసులోనూ ఇదే తేలింది. మొదట ఎదుటివాళ్ళు దాడికి వచ్చారు. తర్వాత వెనక్కి తిరిగి పారిపోతున్నారు. దూరంగా పరుగెడుతున్నవాళ్ళ మీద కాల్చినందుకు ఆత్మరక్షణ వర్తించదని కోర్టు చెప్పింది.

రాత్రి నిద్రలోంచి లేచిన మనిషికి ఒళ్ళు వణుకుతూ ఉంటుంది, ఇవన్నీ గుర్తుండవు. అందుకే నేను ఇంటింటికీ చెప్పేది ఒకటే. వాడి వీపు కనబడిందంటే కర్ర దించండి. వాడి మొహం మీ వైపు ఉండి చేతిలో ఏదో ఉంటే వేరే సంగతి.

దొంగో కాదో చూసుకోండి

మన ప్రాంతంలో ఇది చాలా ముఖ్యం. ఆగస్టులో గోదావరికి వరద వచ్చినప్పుడు లంకల్లో నీళ్ళు చేరితే, ఎవరి అరుగు ఎత్తుగా ఉంటే వాళ్ళ అరుగు ఎక్కుతారు. ఎవరో ముసలాయన మేకపిల్లను చంకనెత్తుకుని అర్ధరాత్రి మీ వసారాలో నక్కితే అది చొరబాటు కాదు. చొరబాటు అవ్వాలంటే నేరం చెయ్యాలనో, బెదిరించాలనో, అవమానించాలనో, చిరాకు పెట్టాలనో ఉద్దేశం ఉండాలి. గల్ఫ్ నుంచి చెప్పకుండా దిగిన కొడుకు తెల్లవారుజామున గోడ దూకి రావడం మన ఊళ్ళలో కొత్తేమీ కాదు.

చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది. హక్కున్న ఇంట్లోకి రాత్రిపూట వచ్చిన మనిషిని ఇంటివాడు దొంగనుకుని కొడతాడు. మంచి నమ్మకంతోనే పొరపాటు పడ్డాడు కాబట్టి ఇంటివాడిది నేరం కాదు. అయినా దెబ్బ తింటున్న మనిషికి తనను తాను కాపాడుకునే హక్కు పూర్తిగా ఉంటుంది. ఇద్దరిదీ తప్పు లేకుండా ఇద్దరూ ఆసుపత్రిలో పడే పరిస్థితి అది. అందుకే ముందు లైటు వెయ్యండి. "ఎవరది?" అని గట్టిగా కేక వెయ్యండి. ఆ కేకతో దొంగ పారిపోతాడు, చుట్టం అయితే పేరు చెబుతాడు. పక్కింటివాళ్ళు లేస్తారు, రేపు వాళ్ళే మీకు సాక్షులు.

కరెంటు తీగ పెట్టకండి

దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. ఎందుకంటే మన దగ్గర ఇది మామూలైపోయింది. పందులొస్తున్నాయని చేను చుట్టూ, వల వేస్తున్నారని చెరువు గట్టు చుట్టూ, కాయలు పోతున్నాయని దొడ్డి గోడ మీద కరెంటు తీగ లాగుతున్నారు. చిన్న తీగే, ఇంటి ప్లగ్గులోంచి లాగిందే. దొంగకి బుద్ధి వస్తుందని అనుకుంటారు. ఆ తీగ మనిషిని గుర్తుపట్టదు. బోదెలోంచి నడిచి బడికెళ్ళే పిల్ల, గడ్డి కోసుకునే ఆవిడ, తెల్లారగట్ట నీళ్ళు పెట్టడానికి వచ్చిన మీ పాలికాపు, ఎవరైనా సరే తగిలితే పోతారు. తడి నేల మీద నిలబడి ఉన్న మనిషికి ఇంటి కరెంటు చాలు ప్రాణం తియ్యడానికి.

అరవై ఏళ్ళ కిందట బీహార్ నుంచి చెరూబిన్ గ్రెగరీ కేసు సుప్రీంకోర్టుకి వెళ్ళింది. తన మరుగుదొడ్డిని పొరుగువాళ్ళు వాడుకుంటున్నారని ఆయన దారికి అడ్డంగా తొడుగు లేని రాగి తీగ కట్టి కరెంటు ఇచ్చాడు. హెచ్చరిక బోర్డు కూడా లేదు. పొరుగింటి ఆడమనిషి ఒకామె తగిలి చనిపోయింది. నా స్థలంలోకి వచ్చింది, నా ఆస్తి కాపాడుకున్నాను అన్నాడు ఆయన. చొరబడినంత మాత్రాన ఆ మనిషి చట్టానికి వెలి కాదు, ఆమె కోసం ఇలాంటి ఉచ్చు పన్నే హక్కు స్థలం యజమానికి లేదు అని కోర్టు శిక్ష ఖాయం చేసింది. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైన నేరం అది. అప్పట్లో దానికి గరిష్ఠంగా రెండేళ్ళు, ఇప్పుడు న్యాయ సంహిత 106వ సెక్షన్‌లో ఐదేళ్ళు. లైను మీద కొక్కెం వేసి లాగితే కరెంటు దొంగతనం కేసు వేరే.

గోడ మీద గాజు పెంకులు కంటికి కనబడతాయి. ముళ్ళ కంచె కనబడుతుంది. కుక్క మొరుగుతుంది. కనబడని ఉచ్చు ఏదీ పెట్టకండి. దాన్ని పెట్టిన రోజున మీకు ఏ ఆపదా లేదు, పోలీసుల్ని పిలవడానికి బోలెడు వ్యవధి ఉంది. అలాంటప్పుడు ఆత్మరక్షణ అనే మాట ఎక్కడ నిలబడుతుంది?

గట్టు తగాదాలు

కోనసీమలో కత్తులు లేచేది దొంగల మీద కన్నా సరిహద్దు గట్ల మీదే ఎక్కువని నా అనుభవం. పక్కవాడు రాత్రికి రాత్రి గట్టు చెక్కేశాడు, బోదె మళ్ళించేశాడు, తోటలో కొత్త కంచె వేశాడు. స్థిరంగా మీ స్వాధీనంలో ఉన్న భూమి మీదకు బలవంతంగా దిగితే అడ్డుకునే హక్కు మీకుంది. కానీ మీరు ఊళ్ళో లేనప్పుడు దిగి, పంట వేసి, నెలలు గడిచి వాడి స్వాధీనం స్థిరపడిపోయాక, మనుషుల్ని వేసుకుని వెళ్ళి లేపేస్తే దాడి చేసినవాళ్ళు మీరవుతారు. అప్పుడు కోర్టుకే వెళ్ళాలి.

గొడవ వస్తుందని ముందే తెలిస్తే, "రేపు పొద్దున్న వస్తారంట" అని కబురు అందితే, ఆ రాత్రంతా మీకు వ్యవధి ఉన్నట్టే. స్టేషన్‌లో కాగితం ఇవ్వండి. శాంతిభద్రతలకు ముప్పు అంటే ఇద్దర్నీ బైండోవర్ చెయ్యొచ్చు, అంటే గొడవ చెయ్యమని పూచీ రాయించుకోవచ్చు. భూమి స్వాధీనం ఎవరిదో ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు తేల్చే దారి కూడా ఉంది, అది పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 164వ సెక్షన్. ఆ కాగితం ఇవ్వకుండా కత్తులు నూరుకుని గట్టు మీద కాచుకుంటే, రేపు కోర్టు అడిగే మొదటి ప్రశ్న అదే.

అలాగే, ముందు మీరే చెయ్యి చేసుకుని, వాళ్ళు తిరగబడ్డాక ఆత్మరక్షణ అంటే కుదరదు.

యూనిఫాంలో వచ్చిన పోలీసు, ఆక్రమణ తియ్యడానికి వచ్చిన రెవెన్యూ వాళ్ళ సంగతి కూడా చెప్పుకోవాలి. వాళ్ళు ఉద్యోగ ధర్మంగా, మంచి నమ్మకంతో చేస్తున్న పనిలో చట్టపరంగా చిన్న లోపం ఉన్నా సరే, చావో తీవ్ర గాయమో అవుతుందన్న భయం లేనంతవరకు వాళ్ళ మీద చెయ్యి ఎత్తే హక్కు లేదు. దానికి కోర్టులో స్టే తెచ్చుకోవాలి.

దొంగ దొరికితే

మీ కళ్ళ ముందు, బెయిలు దొరకని, పోలీసు నేరుగా కేసు కట్టగల నేరం చేసినవాణ్ణి మామూలు మనిషి కూడా పట్టుకోవచ్చు. అలా పట్టుకున్నవాణ్ణి ఆలస్యం చెయ్యకుండా, ఎంత ఆలస్యమైనా ఆరు గంటల లోపల పోలీసులకు అప్పగించాలి. నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్. పాత చట్టంలో ఈ ఆరు గంటల మాట లేదు, కొత్తగా పెట్టారు.

పారిపోకుండా చేతులు కట్టడం వరకు అర్థముంది. కొబ్బరి చెట్టుకు కట్టి, ఊరంతా వచ్చి తలో దెబ్బ వెయ్యడం నేరం. ఐదుగురు అంతకన్నా ఎక్కువమంది కలిసి కొడితే, ఆ ఉద్దేశంతో అక్కడ చేరిన ప్రతి ఒక్కరూ బాధ్యులే. నువ్వు కొట్టింది చెంపదెబ్బే కావొచ్చు, వేరేవాడి దెబ్బకు వాడు పోతే నువ్వూ బోనులో నిలబడాలి. ఊళ్ళో ప్రతివాడి చేతిలోనూ ఫోను ఉంది, వీడియో తీసేది మీవాడే, సాక్ష్యమయ్యేది మీ మీదే. అలా ఇరుక్కున్న కుర్రాళ్ళ తల్లులు నా ఆఫీసు అరుగు మీద కూచుని ఏడుస్తుంటే ఏం చెప్పాలో తెలియక నీళ్ళు తెచ్చిస్తాను. వాళ్ళలో ఒకరిద్దరు పాస్‌పోర్టు కోసం కాగితాలు పెట్టుకున్నవాళ్ళు.

దొంగకు దెబ్బ తగిలితే 108కి ఫోన్ చెయ్యండి. మానవత్వం ఒక కారణం. రెండోది, కొట్టాక సాయం పిలిచినవాడికి చంపాలన్న ఉద్దేశం లేదని కోర్టుకు తెలుస్తుంది.

ఆ తర్వాత గంటలో

112కి ఫోన్ చేసి ఊరు, వీధి, ఏం జరిగింది, ఎవరికి దెబ్బలు తగిలాయి అన్నవి చెప్పండి. ఊచ, కర్ర, పగిలిన పెంకు, ఏదీ కదపకండి. రక్తం కడగకండి. ఆడవాళ్ళు అలవాటుగా ఇల్లు కడిగేస్తారు, అత్తయ్య కూడా బకెట్టు తెచ్చేసింది. ఆ వంటింట్లో పడి ఉన్న ఊచే మావయ్య మొదటి దెబ్బను కాపాడింది. అది కడిగి మూల పెట్టేసి ఉంటే మూడు దెబ్బలూ ఒకటైపోయేవి.

మీ ఒంటి మీద గీత పడినా సరే, ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి డాక్టరుకు ఎలా తగిలిందో చెప్పి రాయించుకోండి. వూండ్ సర్టిఫికెట్ అదే. రెండు రోజులు పోయాక వెళితే గాయం పాతది అంటారు. సీసీ కెమెరా ఉంటే ఆ రాత్రి ఫుటేజీ వేరేగా దాచండి, కొన్ని రోజులు పోతే పాత రికార్డింగు మీద కొత్తది ఎక్కేస్తుంది.

మీరే ముందు ఫిర్యాదు ఇవ్వండి. అవతలివాళ్ళు ఇచ్చాక మీరు ఇస్తే దాన్ని కౌంటర్ కేసు అంటారు, అందరూ ఒక మెట్టు తక్కువగా చూస్తారు. ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ కట్టించొచ్చు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల లోపల వెళ్ళి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యం. కొట్టి ఉంటే, "నేను కొట్టలేదు, వాడే పడ్డాడు" అని చెప్పకండి. కొట్టలేదు అన్నవాడు, నన్ను కాపాడుకోడానికి కొట్టాను అని తర్వాత నమ్మించడం చాలా కష్టం. ఆత్మరక్షణను చూపించాల్సిన భారం సాక్ష్య అధినియమం, అంటే సాక్ష్యాల కొత్త చట్టం, 108వ సెక్షన్ ప్రకారం మన మీదే ఉంటుంది. అయితే ప్రాసిక్యూషన్‌లాగా అనుమానం లేకుండా రుజువు చెయ్యక్కర్లేదు, ఇలా జరిగి ఉండడానికే ఎక్కువ అవకాశం ఉందని చూపిస్తే చాలు. మన తరపున సాక్షుల్ని పెట్టకపోయినా, వాళ్ళ సాక్షులు చెప్పినదాంట్లోంచే అది బయటపడితే కోర్టు తీసుకుంటుంది. మున్షీరామ్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పింది. కానీ అబద్ధంతో మొదలుపెడితే ఈ తలుపులన్నీ మనమే మూసుకున్నట్టు. అంత టెన్షన్‌లో మాట తడబడుతుందనుకుంటే, వకీలు వచ్చాక మాట్లాడతానని చెప్పే హక్కు మీకుంది. అరెస్టయినవాళ్ళు విచారణ మధ్యలో వకీలును కలవొచ్చు. డబ్బు లేదని భయపడొద్దు. 15100కి ఫోన్ చేస్తే న్యాయ సేవల వాళ్ళు పలుకుతారు. ఆడవాళ్ళకీ, ఎస్సీ ఎస్టీలకీ, కస్టడీలో ఉన్నవాళ్ళకీ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెడతారు.

మంచి నమ్మకంతోనే హద్దు దాటి, ప్రాణం పోతే ఏమవుతుంది అని అడుగుతారు. ముందుగా అనుకోకుండా, అవసరానికి మించి హాని చెయ్యాలన్న ఉద్దేశం లేకుండా దాటితే అది హత్య కాదు, హత్య కాని ప్రాణహరణం. శిక్ష తగ్గుతుంది గానీ నేరం నేరమే.

పోయిన సంక్రాంతికి ముందు మావయ్య తోటలో మళ్ళీ అలికిడైంది. ఇప్పుడు ఆయన మంచం పక్కన పొన్నుకర్రతో పాటు గోడకి ఒక స్విచ్చి ఉంది, దొడ్లో పెద్ద లైటు వెలుగుతుంది. స్విచ్చి వేసి, "ఎవడ్రా అది" అని కేక వేశాడట. ఇద్దరు రాశి దగ్గర్నుంచి లేచి కాలవ గట్టు మీదుగా పరుగెత్తారు. తలుపు గెడ వేసుకుని ముందు 112కి, తర్వాత నాకు ఫోన్ చేశాడు. "గుమ్మం దాటలేదమ్మాయ్, కేక ఒక్కటే వేశాను" అన్నాడు. పొద్దున్న ఇద్దరం వెళ్ళి కాగితం రాసిచ్చాం. ఎఫ్ఐఆర్ కాపీ అత్తయ్య బీరువాలో, పాత కేసు కట్ట పైన పెట్టింది.